పసుపు చొక్కా మనది, గ్యాలరీ వాళ్లది

2022 మార్చి 20, ఆదివారం. గోవాలోని ఫతోర్దా మైదానం ఆ సాయంత్రం పసుపు రంగులో మునిగిపోయింది. కోవిడ్ వల్ల రెండు సీజన్లు ఖాళీ కుర్చీల ముందు సాగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ నాడు జనానికి తలుపులు తెరిచింది. వచ్చినవాళ్లలో మలయాళీలే ఎక్కువ. కేరళ బ్లాస్టర్స్ అభిమానులు రైళ్లెక్కి, బస్సులెక్కి కొంకణ తీరం వెంట తరలివచ్చారు. వాళ్ల జట్టు రంగు పసుపు. హైదరాబాద్ ఎఫ్‌సీ రంగు కూడా పసుపే. లీగ్ పట్టికలో హైదరాబాద్‌ది రెండో స్థానం, కేరళది నాలుగోది. పైన ఉన్న జట్టుకే తన రంగు వేసుకునే హక్కు. అందుకని కేరళ ఆటగాళ్లు నల్లచొక్కాలతో దిగారు, హైదరాబాద్ వాళ్లు పసుపుతో దిగారు. గ్యాలరీ నిండా పసుపు, మైదానంలో పసుపు, కానీ ఆ పసుపుకీ ఈ పసుపుకీ చుట్టరికం లేదు. వేల గొంతులు అరుస్తున్నది పసుపు చొక్కాలు ఓడిపోవాలనే.

68వ నిమిషంలో రాహుల్ కేపీ కేరళకు గోల్ కొట్టాడు. ఇక అయిపోయిందనుకున్న వేళ, 88వ నిమిషంలో, మధ్యలో బరిలోకి వచ్చిన సాహిల్ తవోరా దూరం నుంచి ఒక్క తన్ను తన్నాడు. 1-1. అదనపు సమయం వట్టిదే పోయింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు. 3-1తో హైదరాబాద్ ఛాంపియన్. పుట్టి మూడేళ్లు నిండని క్లబ్బు, అంతకు రెండేళ్ల కిందట పట్టికలో అట్టడుగున పడి ఉన్న క్లబ్బు, దేశంలోనే మేటి అయింది.

మూడేళ్ల ఏడు నెలల తరవాత ఆ పేరుతో క్లబ్బే లేకుండా పోయింది. కప్పు గెలిచిన జట్టు ఓడిపోవడం మామూలే, కింద పడటమూ మామూలే. ఊరే మారిపోవడం, పేరే చెరిగిపోవడం వేరు. ఆ కథ ఆటలో కన్నా ఖాతా పుస్తకంలోనే ఎక్కువ నడిచింది గనక ఖాతా పుస్తకం పక్కన పెట్టుకునే చెప్పుకోవాలి.

భీమిలిలో కూర్చుని ఈ కథ తలుచుకుంటే మనసుకి మరీ దగ్గరగా తగులుతుంది. మా ఊరు ఒకప్పుడు రేవు. డచ్చివాళ్లు ఇక్కడ వర్తకం చేశారు, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ తరవాత ఇంగ్లీషు వాళ్ల ఓడలు ఆగాయి. 1861లోనే మునిసిపాలిటీ అయింది. 1933లో విశాఖ హార్బరు తెరుచుకున్నాక ఓడలు అటు మళ్లాయి. గోస్తనీ నది అక్కడే ఉంది, సముద్రం అక్కడే ఉంది, దీపస్తంభం అక్కడే ఉంది, సరుకు మాత్రం రావడం మానేసింది. వ్యాపారం ఒక ఊరిని వదిలిపెట్టేటప్పుడు పెద్దగా చప్పుడు చేయదని మా వాళ్లకి తెలుసు.

హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టుకే మరొకరి చావు నుంచి జరిగింది. 2019 వేసవికి ఎఫ్‌సీ పుణే సిటీ అప్పుల్లో చిక్కి మూతపడింది. ఆ ఖాళీలోకి ఆగస్టులో హైదరాబాద్ వచ్చింది. సాంకేతిక రంగంలో స్థిరపడిన విజయ్ మద్దూరి, అంతకుముందు కేరళ బ్లాస్టర్స్‌ను నడిపిన వరుణ్ త్రిపురనేని యజమానులు. నటుడు రానా దగ్గుబాటి సహ యజమానిగా చేరాడు. పేర్లన్నీ మన పేర్లే. హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ తిరిగి వచ్చిందని పత్రికలన్నీ రాశాయి. తిరిగి రావడమనే మాటలో తప్పేమీ లేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుది ఆ ఊరే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం తెచ్చింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేదింట పుట్టిన తులసీదాస్ బలరాం ఆ తరం వాడే.

ఆ పోలీసు జట్టు లెక్క చాలా తేలిక. ఆటగాడు పోలీసు ఉద్యోగి. జీతం శాఖ ఇస్తుంది. టికెట్లు అమ్ముడుపోయినా పోకపోయినా ఒకటో తారీకున డబ్బు చేతికొస్తుంది. మైదానం తనది కాకపోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే అతని అన్నం మైదానం నుంచి రావడం లేదు. ఆ పద్ధతిలో ఎవరూ కోటీశ్వరులు కాలేదు. రహీమ్ సాబ్ 1963లో క్యాన్సర్‌తో పోయారు, ఆ తరం వయసు మీరింది, హైదరాబాద్ ఫుట్‌బాల్ కూడా క్రమంగా పలచబడింది. కానీ జీతం అందక జట్టు చెదిరిపోయిందని ఎవరూ చెప్పుకోలేదు.

2019లో వచ్చినది వేరే లోకం. ఫ్రాంచైజీ అనే మాట చుట్టూ తిరిగే లోకం. మొదటి సీజన్‌కు ఒకప్పుడు హల్ సిటీని ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లోకి తీసుకెళ్లిన ఫిల్ బ్రౌన్ కోచ్‌గా వచ్చాడు. 18 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, 10 పాయింట్లు, పది జట్లలో పదో స్థానం. సీజన్ మధ్యలోనే బ్రౌన్ వెళ్లిపోయాడు. తరవాత తీసుకున్న ఆల్బర్ట్ రోకా పని మొదలుపెట్టకముందే బార్సిలోనా పిలిస్తే వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో 2020 ఆగస్టులో మనోలో మార్కెజ్ అనే మరో స్పెయిన్ మనిషి వచ్చాడు. హడావిడి లేని మనిషి. కుర్రాళ్లను నమ్మాడు. ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్, లిస్టన్ కొలాసో, మహమ్మద్ యాసిర్ లాంటి వాళ్లు అతని చేతిలో పదునెక్కారు. మొదటి ఏడాది ఐదో స్థానం. రెండో ఏడాది కప్పు. నైజీరియా నుంచి వచ్చిన బార్తొలొమ్యూ ఒగ్బెచే ఒక్కడే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు.

ఈ రెండేళ్లూ లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. బయో బబుల్ అని పేరు పెట్టి ఆటగాళ్లను హోటళ్లలో ఉంచి, ప్రేక్షకులు లేకుండా ఆడించారు. అంటే హైదరాబాద్ చరిత్రలో మేటి జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే ఛాంపియన్ అయింది. అప్పట్లో దాన్ని చమత్కారంగా చెప్పుకున్నారు. ఇప్పుడు చూస్తే పతనానికి బీజం అక్కడే కనిపిస్తుంది. ఊరు ఆ జట్టును టీవీలో చూసింది. గచ్చిబౌలి మెట్ల మీద కూర్చుని గొంతు పోగొట్టుకునే అలవాటు ఆ ఊరికి పడాల్సిన రెండేళ్లూ అలా పోయాయి.

మనకు ఇలాంటిది ఇది రెండోసారి. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు డెక్కన్ క్రానికల్ సంస్థ 107 మిలియన్ డాలర్లకు హైదరాబాద్ జట్టును కొని డెక్కన్ ఛార్జర్స్ అని పేరు పెట్టింది. 2009లో ఎన్నికల కారణంగా టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలింది. గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో ఛార్జర్స్ జోహన్నెస్‌బర్గ్‌లో కప్పు గెలిచారు, సొంత జనానికి వేల మైళ్ల దూరంలో. మరుసటి ఏడాది తెలంగాణ ఉద్యమం మూలంగా సొంతగడ్డ మ్యాచ్‌లు కటక్‌కూ నాగ్‌పూర్‌కూ నవీ ముంబైకీ పోయాయి. 2012లో కొన్ని మ్యాచ్‌లు విశాఖకు వచ్చాయి. భీమిలి నియోజకవర్గంలో, మధురవాడ దగ్గర పోతినమల్లయ్యపాలెంలోని స్టేడియంలో ఏప్రిల్ 9న ముంబై ఇండియన్స్‌తో ఆడుతూ ఛార్జర్స్ ఆఖరి బంతి దాకా వచ్చి ఓడిపోయారు. ఆ బంతిని సిక్సర్ కొట్టింది రోహిత్ శర్మ, 2009లో ఛార్జర్స్ చొక్కా వేసుకుని కప్పు గెలిచినవాడే. ఆ ఏడాదే ఆటగాళ్ల జీతాలు ఆలస్యమయ్యాయి, యజమాని సంస్థ అప్పులు బయటపడ్డాయి, సెప్టెంబరులో బోర్డు ఒప్పందం రద్దు చేసింది. కోర్టు అడిగిన 100 కోట్ల రూపాయల బ్యాంకు గ్యారంటీ తేలేక ఛార్జర్స్ కథ ముగిసింది. సన్ టీవీ కొత్త జట్టు కొనుక్కుని సన్‌రైజర్స్ అని పేరు పెట్టింది. క్రికెట్‌లో ఒకరు పోతే మరొకరు వరసలో నిలబడి ఉంటారు. ఫుట్‌బాల్‌కు ఆ వరస లేదు.

ఇక లెక్కలోకి వద్దాం. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒక జట్టు సీజన్‌కు ఆటగాళ్ల జీతాల మీద ఖర్చు పెట్టగలిగే మొత్తానికి పరిమితి ఉండేది. హైదరాబాద్ వైభవంగా వెలిగిన ఆ ఏళ్లలో అది 16.5 కోట్ల రూపాయలు. డబ్బున్నవాడు అందరినీ కొనేసి లీగ్‌ను ఏకపక్షం చేయకుండా ఈ కంచె. ఉద్దేశం మంచిదే. అయితే ఆ కంచె ఎవరి చుట్టూ కట్టారో చూడండి. పెద్ద వ్యాపార గ్రూపు అండ ఉన్నా, స్టీలు కంపెనీ అండ ఉన్నా, కొత్తగా వచ్చిన ముగ్గురు భాగస్వాముల క్లబ్బయినా అందరికీ అదే 16.5 కోట్లు. ఎంతకు మించి ఖర్చు పెట్టకూడదో నియమం చెప్పింది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అడగలేదు.

ఐరోపాలో ఇప్పుడు నడుస్తున్నది వేరే పద్ధతి. అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్య యుఈఎఫ్ఏ క్లబ్బు జీతాలు, ఆటగాళ్ల కొనుగోలు, ఏజెంట్ల ఖర్చు అన్నీ కలిపి ఆదాయంలో 70 శాతానికి మించరాదని గీత గీసింది. 90 శాతంతో మొదలుపెట్టి ఏడాదికో మెట్టు దించుతూ అక్కడికి తెచ్చింది. స్పెయిన్ లీగ్ ఇంకా కటువు. క్లబ్బుల ఆదాయాన్ని చూసి ఒక్కొక్కదానికి ఒక్కో జీతాల హద్దు తానే ప్రకటిస్తుంది. ఆ హద్దు దాటలేకే 2021 ఆగస్టులో బార్సిలోనా మెస్సీని ఉంచుకోలేకపోయింది, అతను ఏడుస్తూ పారిస్ వెళ్లాడు. ఇంగ్లండ్ లీగ్‌లో నష్టాల నియమం ఉల్లంఘించిన ఎవర్టన్‌కు 2023 నవంబరులో 10 పాయింట్లు కోసి, అప్పీలు మీద 6కు తగ్గించారు.

ఆ 70 శాతం గీతను మన హైదరాబాద్ మీద పెట్టి చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది. 16.5 కోట్ల జీతాలు ఇవ్వాలంటే క్లబ్బుకు ఏటా దాదాపు 23.5 కోట్ల రాబడి ఉండాలి. గేటు వసూళ్లు తీసుకోండి. 2022-23లో సొంతగడ్డ మీద లీగ్ మ్యాచ్‌లు పది. గచ్చిబౌలి స్టేడియంలో సుమారు ముప్పై వేల మంది పడతారు. ప్రతి మ్యాచ్‌కూ ఒక్క కుర్చీ మిగలకుండా నిండి, సగటు టికెట్ 200 రూపాయలు అనుకున్నా సీజనంతా కలిపి 6 కోట్లు. అది కూడా కలలో. కప్పు గెలిచినందుకు వచ్చిన బహుమతి 6 కోట్లు, అదీ ఏటా వచ్చేది కాదు. ప్రసార హక్కుల సొమ్ములో వాటా వస్తుంది గానీ, ఫ్రాంచైజీ రుసుము పేరుతో అటు నుంచి ఇటు పోయేదీ ఉంది. ఆటగాణ్ని అమ్మితే కొంత వస్తుంది. లిస్టన్ కొలాసోను 2021లో కోల్‌కతాకు అమ్మినప్పుడు దాదాపు కోటి రూపాయలంటే దేశమంతా అబ్బురపడింది. కోటి! జీతాల పరిమితిలో అది పదహారో వంతు. మిగతాదంతా స్పాన్సర్లు ఇవ్వాలి, లేకపోతే యజమానులు జేబులోంచి తియ్యాలి.

స్టేడియం సంగతి ఇంకో దుఃఖం. లోక్‌సభ స్పీకరుగా ఉంటూ 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన కోనసీమ నాయకుడు జీఎంసీ బాలయోగి పేరు మోసే ఆ మైదానం ప్రభుత్వ క్రీడా ప్రాధికార సంస్థది. కట్టింది అథ్లెటిక్స్ కోసం. గడ్డికీ గ్యాలరీకీ మధ్య పరుగుల ట్రాక్ ఉంటుంది, ప్రేక్షకుడికి ఆట దూరంగా జరుగుతున్నట్టుంటుంది. క్లబ్బు అక్కడ అద్దెకు ఆడింది. కౌలు రైతు పరిస్థితే. భూమి మీద హక్కు లేదు, పెట్టుబడి మాత్రం తనది, పంట పోతే అప్పు తనది, బ్యాంకు దగ్గరికి వెళితే చూపించడానికి పాసుపుస్తకం లేదు. ఐరోపా క్లబ్బులకు స్టేడియం అంటే టికెట్లు ఒక్కటే కాదు. పెట్టెల్లాంటి ప్రత్యేక గదులు, తిండి, పార్కింగు, మ్యాచ్ లేని రోజున కచేరీలు, గోడకు పేరు పెట్టుకునే హక్కు అన్నీ రాబడే. రియల్ మాడ్రిడ్ 2022లో తన బెర్నబ్యూ స్టేడియం కొత్త వ్యాపారంలో 30 శాతం వాటాను 20 ఏళ్లకు ఒప్పందం రాసి సుమారు 36 కోట్ల యూరోలు తెచ్చుకుంది.

స్టేడియం సొంతం కావడమే వరం అని మాత్రం నేననను. ఇంగ్లండ్‌లో డెర్బీ కౌంటీ 2018లో తన మైదానాన్ని తన యజమానికే 8 కోట్ల పౌండ్లు దాటిన ధరకు అమ్మి నష్టాలను కాగితం మీద లాభంగా మార్చింది. మూడేళ్లకు దివాలా తీసి 21 పాయింట్లు పోగొట్టుకుని కింది డివిజన్‌కు జారింది. ఉన్నవాడికి అమ్ముకునే యావ, లేనివాడికి అద్దె కట్టే యాతన. అయితే కష్టకాలంలో అమ్మడానికో తాకట్టు పెట్టడానికో ఏదో ఒకటి ఉండటం వేరు, ఏమీ లేకపోవడం వేరు. హైదరాబాద్ దగ్గర ఉన్న ఆస్తి ఆటగాళ్లు మాత్రమే. ఆటగాళ్లు జీతం అందితేనే ఆస్తి.

2022-23లో జనం ముందు ఆడే అదృష్టం ఎట్టకేలకు దక్కింది. జట్టు మళ్లీ రెండో స్థానంలో నిలిచింది, సెమీఫైనల్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల మీద పోయింది. బయటికి అంతా బాగానే ఉంది. లోపల జీతాలు ఆలస్యం కావడం మొదలైంది. సీజన్ ముగిశాక మార్కెజ్ గోవాకు వెళ్లాడు. ఒగ్బెచే వెళ్లిపోయాడు. ఆకాశ్ మిశ్రాను ముంబై తీసుకుంది. థంగ్‌బోయ్ సింగ్టో చేతికి వచ్చింది కప్పు గెలిచిన జట్టు కాదు, దాని చొక్కాలు.

2023-24 గురించి ఎక్కువ చెప్పాలని లేదు, కానీ చెప్పకుండా దాటలేం. బాకీ పడిన జీతాల కోసం ఆటగాళ్లు ఫిఫా దాకా వెళ్లారు. కొత్తవాళ్లను నమోదు చేసుకోకుండా క్లబ్బు మీద నిషేధం పడింది. జంషెడ్‌పూర్‌లో జట్టు బస చేసిన హోటల్ బిల్లు చెల్లించలేదని పోలీసు కేసు నమోదైంది. చలికాలం వచ్చేసరికి విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సామాను సర్దుకున్నారు. జనవరిలో చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి, యాసిర్ లాంటి వాళ్లు వేరే క్లబ్బులకు పోయారు. మిగిలింది అకాడమీ నుంచి తెచ్చిన పసివాళ్లు. పేరున్న జట్లతో వాళ్లు ఆడుతుంటే చూడటం కష్టంగా ఉండేది. పరుగెత్తేవాళ్లు, పడేవాళ్లు, లేచేవాళ్లు, చివరి పావుగంటలో ఆయాసంతో నిలబడిపోయేవాళ్లు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, అది చెన్నైలో. మొత్తం 8 పాయింట్లు. ఛాంపియన్లయిన రెండేళ్లకు అట్టడుగున.

ఆ సీజన్ లీగ్ దశ ముగిసిన ఏప్రిల్ నెలలోనే రహీమ్ సాబ్ జీవితం మీద తీసిన ‘మైదాన్’ సినిమా విడుదలైంది. రహీమ్ వేషంలో అజయ్ దేవగన్ సిగరెట్ వెలిగిస్తూ దేశానికి హైదరాబాద్ ఫుట్‌బాల్ గొప్పతనం చెబుతున్న రోజుల్లోనే హైదరాబాద్ కుర్రాళ్లు ఆఖరి మ్యాచ్ ఓడిపోయారు.

జీతం ఆలస్యం కావడమంటే ఏమిటో విశాఖ వాళ్లకు వివరించక్కర్లేదు. అదే 2024లో స్టీల్ ప్లాంటు కార్మికులు జీతం ముక్కలు ముక్కలుగా అందుకున్నారు. అయితే స్టీలు కార్మికుడికి యూనియన్ ఉంది, ధర్నా శిబిరం ఉంది, ఎంపీలు వచ్చి మైకు పట్టుకుంటారు. ఇరవై ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాడికి ఉన్నది ఏడెనిమిదేళ్ల కాలు. అందులో ఒక ఏడాది జీతం పోతే అది తిరిగి రాదు. నోరెత్తితే రేపు ఇంకో క్లబ్బు తీసుకుంటుందో లేదో. ఊళ్లో తల్లిదండ్రులకు టీవీలో కొడుకు కనిపిస్తున్నాడు, డబ్బు కనిపించడం లేదు.

యజమానులను దొంగలుగా చూపించే కథ రాయడం తేలిక. నాకు అలా రాయబుద్ధి కాదు. పదేళ్లు గడిచినా ఆ లీగ్‌లో క్లబ్బు నడపడం ఏటా కోట్లు పోసే పని అన్నది అందరికీ తెలిసిన రహస్యం. పెద్ద కంపెనీలు దాన్ని ప్రచార ఖర్చులో రాసుకుంటాయి. చిన్నవాళ్లు సొంత ఆస్తిలోంచి రాసుకుంటారు, అది కరిగిపోయేదాకా. కానీ ఒక తప్పు మాత్రం క్షమించలేం. డబ్బు అయిపోయిందని తెలిసిన రోజున ఆ మాట ఆటగాళ్లకు చెప్పి వదిలిపెట్టవచ్చు. ఇదిగో అదిగో అంటూ నెలలు గడిపారు. లీగ్ కూడా చూస్తూ ఊరుకుంది. ఉద్యోగుల బాకీలు మిగలకూడదన్న నిబంధన క్లబ్ లైసెన్సింగ్ పుస్తకంలో నల్లని అక్షరాలతో ఉంది. పుస్తకం పుస్తకంలా ఉంది, సీజన్ సీజన్‌లా నడిచింది.

2024 సెప్టెంబరు 3న గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ మొదలైంది. భారత్, మారిషస్, సిరియా. భారత కోచ్‌గా మొదటి మ్యాచ్‌కు మైదానంలోకి నడిచి వచ్చింది మనోలో మార్కెజ్. తను ఛాంపియన్‌గా నిలబెట్టిన ఊళ్లోనే, తన పాత డగౌట్‌లోనే. మారిషస్‌తో గోల్ లేకుండా ముగిసింది, తరవాత సిరియాతో మూడు గోల్స్ తేడాతో ఓడింది. ఆ నెలలోనే హైదరాబాద్ ఎఫ్‌సీ బీసీ జిందాల్ గ్రూపు చేతికి మారింది. డబ్బున్నవాళ్లు వచ్చారని అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. డెక్కన్ లీజియన్ పేరుతో అన్నేళ్లూ డప్పులు మోసిన కుర్రాళ్లు మళ్లీ గచ్చిబౌలికి వచ్చారు. 13 జట్లలో 12వ స్థానం. అదైనా ఫరవాలేదు, కనీసం జట్టుంది అనుకున్నారు.

కొత్త యజమానికి ఈ ఊరితో పేగుబంధం ఏమీ లేదు. 2025 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. రంగు మారింది, చిహ్నం మారింది, చిరునామా మారింది. ఇక్కడ ఒక విచిత్రం. 2019 ఆగస్టులో పుణే పోయి హైదరాబాద్ వచ్చిన నెలలోనే ఢిల్లీ డైనమోస్ అనే క్లబ్బు రాజధానిని వదిలి భువనేశ్వర్ చేరి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆనాడు ఢిల్లీ అభిమాని పడ్డ బాధ ఆరేళ్లకు హైదరాబాద్ అభిమానికి బదిలీ అయింది. కొత్త పేరుతో ఆ జట్టు ఆడిన మొదటి టోర్నీ గోవాలో జరిగిన సూపర్ కప్. గ్రూపులో ఎదురైన జట్లలో ఒకటి కేరళ బ్లాస్టర్స్.

విశాఖకూ ఈ కథలో ఒక చిన్న వాటా ఉంది, అదీ చేదుదే. 2020 ఆగస్టులో జాతీయ సమాఖ్య ఐ-లీగ్‌లో కొత్త జట్లకు అవకాశం ఇచ్చినప్పుడు, 2021-22 నుంచి విశాఖపట్నం తరఫున శ్రీనిధి అనే జట్టు ఆడుతుందని ప్రకటించింది. మాకు సంబరమైంది. పూర్ణా మార్కెట్ నుంచి పెదవాల్తేరు దాకా, బీచ్ రోడ్డు వెంట మా భీమిలి దాకా ఇసుకలో బంతి తన్నే పిల్లలకు సొంత ఊరి పేరుతో జాతీయ లీగ్ జట్టు! ఆ జట్టు శ్రీనిధి డెక్కన్ అయి హైదరాబాద్ శివారులోనే స్థిరపడింది. 2022-23లోనూ 2023-24లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానం సాధించింది. సొంత విద్యాసంస్థల ఆవరణలోనే డెక్కన్ ఎరీనా అని చిన్న స్టేడియం కట్టుకుంది, పదిహేను వందల కుర్చీలు. ఊరు వదిలి పోయినందుకు కోపం ఉన్నా ఈ ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. అద్దె మైదానంలో ముప్పై వేల ఖాళీ కుర్చీల కన్నా సొంత మైదానంలో పదిహేను వందల నిండు కుర్చీలు క్లబ్బు ఆరోగ్యానికి మేలు. విశాఖకు రానందుకు కారణం కూడా బహుశా ఆ స్థలమే. ఇక్కడికి వస్తే వాళ్లూ అద్దెకే ఆడాలి.

హైదరాబాద్ ఢిల్లీకి వెళ్లిన ఆ ఏడాదిలోనే అసలు లీగ్ ఇల్లే కదిలింది. 2010లో ఫుట్‌బాల్ సమాఖ్య దేశంలో ఆట వాణిజ్య హక్కులన్నీ రిలయన్స్ పక్షానికి పదిహేనేళ్లకు రాసిచ్చింది. బదులుగా ఏటా సమాఖ్యకు ముట్టే సొమ్ము 50 కోట్లకు చేరింది. 2025 డిసెంబరు 8తో ఆ గడువు తీరుతుందనగా, ముందు ఏమవుతుందో తేలక 2025-26 సీజన్‌ను జులైలోనే ఆపేశారు. కొన్ని క్లబ్బులు శిక్షణ నిలిపేశాయి, జీతాలు ఆపేశాయి. హైదరాబాద్ కుర్రాళ్లు రెండేళ్ల కిందట పడ్డ బాధ అప్పుడు దేశమంతటి ఆటగాళ్లకూ అర్థమైంది. సునీల్ ఛెత్రీ అంతటివాడే భయంగా ఉందని బాహాటంగా రాయాల్సి వచ్చింది.

సమాఖ్య కొత్త టెండరు పిలిచింది. ఏటా కనీసం 37.5 కోట్లు ఇస్తామన్నవాడికి మరో పదిహేనేళ్లు లీగ్ వాణిజ్య హక్కులు ఇస్తామంది. జీతాల మీద కోట్ల హద్దులు గీసి, స్టేడియంలో ప్రకటన బోర్డు ఎక్కడ పెట్టాలో కూడా క్లబ్బులకు చెప్పిన లీగ్ అది. నవంబరు 7న గడువు ముగిసింది. ఒక్క బిడ్డూ రాలేదు.